బెంచీ, వేవర్, గడియారం: విశాఖ నుంచి ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ నియమాల లెక్క

ఆగస్టు నెలాఖరు వచ్చేసరికి విశాఖపట్నంలోని కొన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒకే వాదన మొదలవుతుంది. మధురవాడలో ఉద్యోగం చేసుకునే ఒకరు, ఆయనతో ఇంజినీరింగ్ చదివి డాలస్‌లో స్థిరపడిన మరొకరు, న్యూజెర్సీలో ఉండే బావమరిది, ఇలా 10 మందో 12 మందో కలిసి ఆడుకునే ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్కో జట్టుకు ఎంతమంది ఆటగాళ్లు ఉండాలి, సీజన్ మధ్యలో కొత్తగా వెలుగులోకి వచ్చిన ఆటగాడు ఎవరికి దక్కాలి అన్నదే ఆ వాదన. మొదటిది రోస్టర్ నియమం, రెండోది వేవర్ నియమం. చాలా లీగుల్లో ఈ రెంటినీ వేర్వేరు అంశాలుగా చర్చించి, వేర్వేరుగా ఓట్లు వేసి తేలుస్తారు. నా దృష్టిలో చిక్కంతా అక్కడే ఉంది. ఒకదాన్ని కదిపితే రెండోది పనిచేసే తీరు మారిపోతుంది కనుక ఈ రెండూ నిజానికి ఒకే నియమానికి రెండు కొసలు. సభ్యుల్లో సగం మంది పగలు మేలుకొని ఉన్నప్పుడు మిగతా సగం మంది నిద్రలో ఉండే మన లీగుల్లో ఈ సంబంధం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఆడేది ఎక్కడ, లెక్క వేసేది ఎక్కడ

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. దాని ప్రధాన పోటీ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. సెప్టెంబరులో మొదలయ్యే సీజన్ 18 వారాలు సాగుతుంది. ఒక్కో జట్టు 17 మ్యాచ్‌లు ఆడి, ఒక వారం విశ్రాంతి తీసుకుంటుంది. ఆ విశ్రాంతి వారాన్ని బై వీక్ అంటారు. 2021కి ముందు ఇది 17 వారాల్లో 16 మ్యాచ్‌ల సీజన్‌గా ఉండేది.

ఫాంటసీ లీగ్‌లో ఒక్కో సభ్యుడు ఒక మేనేజర్. సీజన్‌కు ముందు డ్రాఫ్ట్ అనే ఎంపిక కార్యక్రమంలో మేనేజర్లు వంతులవారీగా నిజమైన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లను ఎంచుకుంటారు. ఆ ఆటగాళ్లు నిజమైన మ్యాచ్‌లలో చూపే ప్రదర్శన మేనేజర్‌కు పాయింట్లుగా మారుతుంది, ప్రతి వారం ఒక మేనేజర్ జట్టు మరొకరి జట్టుతో తలపడి ఎక్కువ పాయింట్లు చేసినది గెలుస్తుంది. ఒకరు తీసుకున్న ఆటగాడు మరొకరికి దొరకడు. మన దగ్గర బాగా తెలిసిన క్రికెట్ ఫాంటసీ యాప్‌లకూ దీనికీ ప్రధానమైన తేడా ఇదే. అక్కడ ఒకే బ్యాటర్‌ను లక్షలమంది తమ జట్టులో పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక ఆటగాడికి లీగ్ మొత్తంలో ఒక్కరే యజమాని. అందువల్ల ఎవరి చేతిలోనూ లేకుండా మిగిలిన ఆటగాళ్లు లీగ్ మొత్తానికీ ఉమ్మడి ఆస్తి అవుతారు, ఆ ఆస్తిని పంచుకునే పద్ధతి మీద తగవు పుడుతుంది.

ఈ ఆట కొత్తదేమీ కాదు. 1962లో ఓక్లండ్ రైడర్స్ జట్టు యాజమాన్యంలో భాగస్వామి అయిన బిల్ వింకెన్‌బాక్, జట్టు ప్రయాణంలో న్యూయార్క్ హోటల్లో ఉన్నప్పుడు మరికొందరితో కలిసి దీనికి తొలి నియమాలు రాశారు. మరుసటి ఏడాది 8 జట్లతో మొదటి డ్రాఫ్ట్ జరిగింది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశవ్యాప్తంగా నిషేధించింది. ఈ వ్యాసంలో చెప్పుకునే లీగ్ ప్రవేశ రుసుము, నగదు బహుమతి లేకుండా సరదాకి ఆడుకునేది. కొన్ని పద్ధతుల్లో కనిపించే బడ్జెట్టు, వేలం అన్న మాటలు కూడా కేవలం యూనిట్ల లెక్కే.

రోస్టర్‌లో ఎవరెవరు ఉంటారు

ఒక మేనేజర్ చేతిలో ఉన్న ఆటగాళ్లందరినీ కలిపి రోస్టర్ అంటారు. అందులో ఆ వారం పాయింట్లు లెక్కకు వచ్చేవారు స్టార్టర్లు, పక్కన కూర్చునేవారు బెంచీ. ఎక్కువ లీగుల్లో కనిపించే అమరికలో 9 మంది స్టార్టర్లు ఉంటారు: ఒక క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు), ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకొని పరుగెత్తేవారు), ఇద్దరు వైడ్ రిసీవర్లు (విసిరిన బంతిని అందుకునేవారు), ఒక టైట్ ఎండ్ (ఎదుటివారిని అడ్డుకుంటూ బంతి కూడా అందుకునేవాడు), ఒక ఫ్లెక్స్, ఒక కిక్కర్ (బంతిని తన్నేవాడు), ఒక డిఫెన్స్. ఫ్లెక్స్ అంటే రన్నింగ్ బ్యాక్, వైడ్ రిసీవర్, టైట్ ఎండ్‌లలో ఎవరినైనా నిలబెట్టగల స్థానం. డిఫెన్స్ విషయంలో ఒక వ్యక్తిని కాకుండా ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు రక్షణ విభాగాన్ని మొత్తంగా తీసుకుంటారు. బెంచీలో సాధారణంగా 6 లేదా 7 స్థానాలు ఉంటాయి.

స్టార్టర్ల అమరిక మీద పెద్దగా వివాదం రాదు. అసలు చర్చ జరగాల్సింది బెంచీ పొడవు మీద, అక్కడికొచ్చేసరికి చాలామంది అలవాటు కొద్దీ ఏదో ఒక సంఖ్య చెప్పి ముందుకు వెళ్లిపోతారు.

బెంచీలో ఒక కుర్చీ పెరిగితే ఏమవుతుంది

ఒక లెక్క వేసి చూద్దాం. ఫాంటసీకి ఎంతోకొంత పనికివచ్చే ఆటగాళ్లు ఒక్కో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో సుమారుగా ఒక క్వార్టర్‌బ్యాక్, ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు, ముగ్గురు వైడ్ రిసీవర్లు, ఒక టైట్ ఎండ్ ఉంటారని అనుకుందాం. జట్టుకు 7 మంది చొప్పున 32 జట్లకు 224 మంది. కిక్కర్లు 32 మంది, డిఫెన్సులు 32 ఈ లెక్కకు బయట ఉంటాయి.

12 జట్ల లీగ్‌లో 9 మంది స్టార్టర్లు, 6 బెంచీ స్థానాలు ఉంటే మొత్తం 180 మంది ఎవరో ఒకరి చేతిలో ఉంటారు. ప్రతి మేనేజర్ ఒక కిక్కర్‌ను, ఒక డిఫెన్స్‌ను ఉంచుకుంటే ఆ 24 స్థానాలు పోగా 156 మంది అసలు ఆటగాళ్లు చేతుల్లోకి వెళ్తారు. 224లో 156 పోతే ఉమ్మడి ఆస్తిగా 68 మంది మిగులుతారు. ఇప్పుడు బెంచీని 10 స్థానాలకు పెంచండి. రోస్టర్లలో 228 మంది, కిక్కర్లు డిఫెన్సులు తీసేస్తే 204 మంది అవుతారు. మిగిలేది 20 మంది. బెంచీలో 4 కుర్చీలు చేర్చినంత మాత్రాన బయట దొరికే ఆటగాళ్ల సంఖ్య మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది. అదే 6 స్థానాల బెంచీతో 8 జట్ల లీగ్ ఆడితే బయట 120 మంది ఉంటారు.

ఈ మూడు లీగులకూ ఒకే వేవర్ నియమం సరిపోదన్న సంగతి ఈ అంకెలను చూస్తేనే తెలుస్తుంది. బయట 120 మంది ఉన్నచోట వారం వారం ఎవరికి ఎవరు దొరికినా పెద్ద నష్టం ఉండదు, ఎంత సరళమైన నియమమైనా నడుస్తుంది. 20 మందే మిగిలినచోట ఒక్క మంచి ఆటగాడు బయటపడ్డాడంటే అతని కోసం లీగ్ మొత్తం ఎగబడుతుంది కనుక వేవర్ నియమంలో ఏ చిన్న లోపమున్నా అది సీజన్ ఫలితాన్నే మార్చేస్తుంది.

2023లో జరిగినదాన్ని ఈ కోణం నుంచి చూడవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవారిని ఎంచుకునే తమ సొంత డ్రాఫ్ట్‌లో లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టు అయిదో రౌండ్‌లో తీసుకున్న పూకా నకూవా అనే కొత్త రిసీవర్, ప్రధాన రిసీవర్ కూపర్ కప్ గాయంతో దూరం కావడంతో మొదటి వారమే 10 క్యాచ్‌లు, 119 గజాలు సాధించాడు. సీజన్ ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో అప్పటివరకూ ఉన్న తొలి ఏడాది ఆటగాళ్ల రికార్డులను రెంటినీ దాటాడు. క్యాచ్‌కు ఒక పాయింటు, 10 గజాలకు ఒక పాయింటు ఇచ్చే లీగ్‌లో ఆ మొదటి వారం ప్రదర్శన విలువ 21.9 పాయింట్లు. బెంచీ చిన్నదిగా ఉన్న లీగ్‌లో ఇలాంటివాడు డ్రాఫ్ట్‌లో ఎవరి కంటా పడకుండా బయట మిగిలిపోతాడు, రెండో వారానికి ముందు అతనికోసం పోటీ జరుగుతుంది. బెంచీ పొడవుగా ఉన్న లీగ్‌లో ఆగస్టులోనే శిక్షణ శిబిరాల వార్తలు చదివిన ఎవరో ఒకరు చివరి వంతులో అతన్ని తీసుకొని పక్కన కూర్చోబెట్టుకొని ఉంటారు, వేవర్‌కు పనే ఉండదు.

పొడవైన బెంచీని సమర్థించేవారు చెప్పేది ఇదే: ముందుచూపుకు ఫలం దక్కాలి, సీజన్ పొడుగునా ఫోను పట్టుకొని కూర్చున్నవారికి కాదు. వారి వాదనలో బలముంది. దానికి ఎదురువాదం కూడా అంతే న్యాయమైనది. మూడో వారానికే ఇద్దరు ప్రధాన ఆటగాళ్లు గాయపడిన మేనేజర్‌కు బయట 20 మందే మిగిలి ఉంటే, మిగతా 15 వారాలు ఓడుతూ కూర్చోవడం తప్ప దారి ఉండదు. అలాంటివారు నవంబరు నాటికి లీగ్ వైపు చూడటమే మానేస్తారు, వారి జట్టుతో ఆడాల్సిన వారికి గెలుపు ఊరికే వచ్చి పడుతుంది, దాంతో పట్టిక మొత్తం వంకరపోతుంది. 12 జట్ల లీగ్‌కు 6 లేదా 7 స్థానాల బెంచీ చాలాకాలంగా నిలబడిందంటే, ఈ రెండు వాదనలకూ మధ్య ఉన్న చోటు అది కాబట్టే.

రెండో క్వార్టర్‌బ్యాక్ చేరినప్పుడు

కొన్ని లీగులు క్వార్టర్‌బ్యాక్‌ను కూడా నిలబెట్టగల అదనపు ఫ్లెక్స్ స్థానాన్ని చేరుస్తాయి. దాన్ని సూపర్‌ఫ్లెక్స్ అంటారు. 12 మంది మేనేజర్లూ ఇద్దరేసి క్వార్టర్‌బ్యాక్‌లను ఆడిస్తే వారానికి 24 మంది కావాలి. బై వీక్‌ల కాలంలో ఒకే వారం 6 ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల వరకూ విశ్రాంతిలో ఉండవచ్చు కనుక అలాంటి వారంలో ఆడే క్వార్టర్‌బ్యాక్‌లు 26 మందే. ముందుజాగ్రత్తగా ప్రతి ఒక్కరూ ముగ్గురిని ఉంచుకోవాలనుకుంటే 36 మంది కావాలి, ఉన్నది 32 మందే. ఇలాంటి లీగ్‌లో ఒక్కో రోస్టర్‌కు గరిష్ఠంగా ఇంతమంది క్వార్టర్‌బ్యాక్‌లు అన్న పరిమితి పెట్టకపోతే, ఇద్దరు మేనేజర్లు నలుగురేసి పోగేసుకొని మిగతావారిని బేరానికి రప్పించుకోగలరు. 10 జట్ల లీగ్‌కు సూపర్‌ఫ్లెక్స్ హాయిగా సరిపోతుంది. 12 జట్లకు పరిమితితో సరిపోతుంది. 14 జట్లతో మాత్రం దాన్ని పెట్టకపోవడమే మేలని నాకనిపిస్తుంది.

గాయపడినవారి కుర్చీ

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గాయపడిన ఆటగాడిని ఇంజర్డ్ రిజర్వ్ జాబితాలో పెడితే అతను కనీసం 4 మ్యాచ్‌లకు దూరంగా ఉండాలి. దీనికి సమానంగా ఫాంటసీ రోస్టర్‌లోనూ ఐఆర్ అనే స్థానం ఉంటుంది. అందులో కూర్చున్న ఆటగాడు బెంచీ లెక్కలోకి రాడు. వివాదం ఎక్కడొస్తుందంటే, ఆ వారానికి మాత్రమే ఆడటం లేదని ప్రకటించిన ఆటగాడినీ అందులో పెట్టనివ్వాలా, లేక అధికారికంగా ఇంజర్డ్ రిజర్వ్‌లో ఉన్నవారినేనా అన్నదాని దగ్గర. మొదటిదానికి ఒప్పుకుంటే ఐఆర్ కాస్తా ఏడో బెంచీ కుర్చీగా మారుతుంది, పైన వేసిన లెక్క ప్రకారం 12 జట్లలో 12 మంది ఉమ్మడి ఆస్తి నుంచి మాయమవుతారు. బెంచీ ఎంత అని ఓటు వేసినప్పుడే ఐఆర్ స్థానాలనూ కలిపి లెక్కపెట్టడం అందువల్ల అవసరం. ఆటగాడు కోలుకున్న తర్వాత కూడా అతన్ని ఐఆర్‌లోనే ఉంచేస్తే, పరిస్థితి సరిదిద్దేదాకా కొత్తవారిని చేర్చుకోనివ్వకుండా చాలా యాప్‌లు వాటంతట అవే అడ్డుకుంటాయి.

వేవర్ అంటే ఆగి చూసే గడువు

వేవర్ మొదట ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే ఉన్న పద్ధతి. ఒక జట్టు నాలుగేళ్ల అనుభవం కూడా లేని ఆటగాడిని వదిలేస్తే అతను వెంటనే స్వేచ్ఛగా వేరే జట్టుతో ఒప్పందం చేసుకోలేడు. మిగతా జట్లకు కొద్దిపాటి గడువు ఉంటుంది, ఒకటికంటే ఎక్కువ జట్లు కోరితే పట్టికలో అడుగున ఉన్న జట్టుకు అతను దక్కుతాడు. ఎవరూ కోరకపోతేనే అతను ఫ్రీ ఏజెంట్ అవుతాడు.

ఫాంటసీలోనూ ఇదే సూత్రం. మ్యాచ్ మొదలైన ఆటగాడుగానీ, ఎవరైనా మేనేజర్ వదిలేసిన ఆటగాడుగానీ కొంతకాలం వేవర్‌లో ఉంటాడు. ఆ గడువులో ఎవరైనా అతన్ని కోరుతూ అభ్యర్థన పెట్టవచ్చు, అతన్ని తీసుకుంటే బదులుగా ఎవరిని వదులుతారో కూడా చెప్పాలి. గడువు ముగిశాక అభ్యర్థనలన్నీ ఒకేసారి పరిశీలించి అతన్ని ఒకరికి కేటాయిస్తారు. ఎవరూ కోరనివారు ఫ్రీ ఏజెంట్లవుతారు, వారిని ముందు మీట నొక్కినవారు తీసుకోవచ్చు. వేవర్ లేకపోతే వార్త చెవిన పడ్డ మొదటి నిమిషంలో మేలుకొని ఉన్నవాడే ఎప్పుడూ గెలుస్తాడు. ఆ అన్యాయాన్ని ఆపడానికే ఈ ఆగి చూసే ఏర్పాటు.

ఎవరికి ముందు: మూడు పద్ధతులు, ఒకే ఉదాహరణ

12 జట్ల ఊహా లీగ్ ఒకదానిలో సిరిపురం, గాజువాక, మధురవాడ, డాలస్ అనే జట్లున్నాయని అనుకుందాం. మూడో వారం తర్వాత ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ప్రధాన రన్నింగ్ బ్యాక్ గాయపడ్డాడు, అతని స్థానంలోకి వచ్చే ఆటగాడు బయట ఉన్నాడు. ఈ నాలుగు జట్లూ అతన్నే కోరాయి.

మొదటి పద్ధతిలో ప్రతివారం పట్టికను తలకిందులు చేసి వంతులు ఇస్తారు. వెనకబడినవారిని ముందుకు తెచ్చే ఈ ఉద్దేశం మంచిదే. కానీ పట్టిక ఎప్పుడూ నిజమైన బలాన్ని చెప్పదు. సిరిపురం జట్టు మూడు వారాల్లో 372 పాయింట్లు చేసినా ఎదుటివారు ఆ వారాల్లో మరింత బాగా ఆడటం వల్ల రెండు ఓడిపోయింది. గాజువాక జట్టు 291 పాయింట్లే చేసి రెండు గెలిచింది. గెలుపోటముల ప్రకారం వంతు సిరిపురానికి వస్తుంది, అంటే రెండింటిలో బలమైన జట్టే మరింత బలపడుతుంది. ఈ పద్ధతి ఎంచుకున్న లీగులు వంతును గెలుపుల మీద కాకుండా మొత్తం పాయింట్ల మీద నిర్ణయిస్తే ఈ లోపం చాలావరకు పోతుంది. మరో విమర్శ మాత్రం అలాగే మిగులుతుంది: అట్టడుగున ఉన్న జట్టుకు ప్రతివారం మొదటి వంతు ఉచితంగా తిరిగి వస్తూనే ఉంటుంది కనుక వాడుకోవడానికి అది ఏ మూల్యమూ చెల్లించనక్కరలేదు.

రెండోది తిరిగే జాబితా. ఒకసారి వంతు వాడుకున్నవారు చివరికి వెళ్తారు, వాడుకోనివారు పైకి జరుగుతూ వస్తారు. ఇక్కడ వంతుకు ఒక విలువ ఏర్పడుతుంది. డాలస్ జట్టు జాబితాలో మొదటి స్థానంలో ఉంటే, ఈ రన్నింగ్ బ్యాక్ మూడు వారాలు మాత్రమే ఉపయోగపడతాడా లేక సీజన్ మొత్తానికీ వస్తాడా అని ఆలోచించి తీరాలి, ఎందుకంటే ఇప్పుడు వాడితే తిరిగి మొదటి స్థానానికి రావడానికి మిగతా 11 మంది వంతులు కదలాలి. దీన్ని మెచ్చేవారు ఇది ఓపికకు విలువనిస్తుందంటారు. కాదనేవారు, మొదటి స్థానంలో ఉన్నవారు ఇంకా మంచివాడు వస్తాడేమోనని నెలల తరబడి కదలకుండా కూర్చుంటారని, రెండో మూడో స్థానాల వారికి ఊరికే లాభం కలుగుతుందని చెబుతారు. ఈ రెండు మాటలూ నిజమే.

మూడోది రహస్య బిడ్ పద్ధతి. ప్రతి మేనేజర్‌కు సీజన్ మొత్తానికి ఒక బడ్జెట్టు, సాధారణంగా 100 యూనిట్లు ఇస్తారు. కావలసిన ఆటగాడికి ఎంత ఇస్తారో ఎవరికీ తెలియకుండా రాస్తారు. మున్సిపల్ పనులకు వేసే సీల్డ్ టెండరులా అన్ని కవర్లూ ఒకేసారి విప్పుతారు, ఇక్కడ మాత్రం ఎక్కువ రాసినవారికి దక్కుతుంది. మధురవాడ 62, డాలస్ 31, గాజువాక 30, సిరిపురం 4 అని రాశాయనుకుందాం. ఆటగాడు మధురవాడకు వెళ్తాడు, ఆ జట్టు దగ్గర 38 యూనిట్లు మిగులుతాయి. అతను నాలుగు వారాల్లో చప్పబడిపోతే మిగతా సీజన్ అంతా ఆ 38తోనే గడపాలి.

32 రాసినా గెలిచేవాడినే కదా అన్న బాధ మధురవాడ మేనేజర్‌కు కలగడం సహజం. అర్థశాస్త్రంలో దీనికి ఒక సమాధానం ఉంది. విలియం వికరీ 1961లో రాసిన పత్రంలో, ఎక్కువ రాసినవారే గెలిచినా రెండో అత్యధిక ధర మాత్రమే చెల్లించే వేలాన్ని విశ్లేషించారు. 1996లో ఆయనకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతిలో మధురవాడ 31 యూనిట్లే చెల్లిస్తుంది, చేతిలో 69 ఉంటాయి. ఒక్క వేలం వరకు చూస్తే ఎవరైనా తమకు నిజంగా ఎంత విలువ అనిపిస్తే అంత రాయడమే ఉత్తమమవుతుంది. అయితే ఎదుటివారు ఎంత రాస్తారో ఊహించడంలో ఉన్న ఉత్కంఠే ఆటలో సగం అనేవారికి ఇది నచ్చదు. ప్రసిద్ధ యాప్‌లలో సాధారణంగా రాసినంత చెల్లించే పద్ధతే కనిపిస్తుంది.

బిడ్ పద్ధతిలో పైకి కనిపించని మూడు చిక్కులు

మొదటిది కనీస బిడ్. సున్నా రాయడానికి ఒప్పుకోవాలా, కనీసం 1 ఉండాలా? అక్టోబరులోనే బడ్జెట్టు అయిపోయిన జట్టు కిక్కర్‌కు బై వీక్ వచ్చిందనుకోండి. కనీసం 1 అన్న నియమముంటే అభ్యర్థన పెట్టలేదు. ఆ స్థానం ఖాళీగా ఉంటే నష్టం ఆ జట్టుతో ఆగదు. ఆ వారం దానితో ఆడే జట్టుకు అయాచిత లాభం, పట్టికలో పోటీ పడుతున్న మూడో జట్టుకు అన్యాయం. అందువల్ల సున్నాను అనుమతించడమే నాకు సబబుగా తోస్తుంది. ఖర్చు చేసినవారికి శిక్ష పడాలన్న వాదన ఉన్నా, ఎవరితో పోటీ వచ్చినా ఓడిపోవడమే వారికి తగినంత శిక్ష.

రెండోది సమానమైన బిడ్లు. ఇద్దరూ 30 రాస్తే ఎవరికి? ముందు రాసినవారికి అని కొన్ని లీగులు రాసుకుంటాయి. వేవర్ ఏ అన్యాయాన్ని ఆపడానికి పుట్టిందో, ఇది దాన్నే దొడ్డిదారిన లోపలికి తెస్తుంది. పాయింట్లలో వెనకబడినవారికి అనో, తిరిగే జాబితా ప్రకారం అనో రాసుకోవడం మేలు.

మూడోది ఒకే ఆటగాడిని వదులుతానంటూ పెట్టిన రెండు అభ్యర్థనలు. గాజువాక జట్టు ఒక రన్నింగ్ బ్యాక్‌కు 25, ఒక రిసీవర్‌కు 12 రాసి, రెండుసార్లూ వదిలేది ఒకే బెంచీ ఆటగాడినని చెప్పింది. 25 బిడ్ గెలిస్తే ఆ బెంచీ ఆటగాడు వెళ్లిపోతాడు కనుక రెండో అభ్యర్థన దానంతటదే రద్దవుతుంది, రిసీవర్‌కు 9 రాసినవారికి అతను దక్కుతాడు. ఇది లోపం కాదు, ఒకరు కాకపోతే మరొకరు అని కోరుకునే మార్గమిది. కొత్తగా చేరిన సభ్యులు దీన్ని మోసమని అనుమానించకుండా సీజన్ మొదట్లోనే ఒక ఉదాహరణతో వివరిస్తే మంచిది.

విశాఖ గడియారం ఏం చెబుతుంది

నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికా తూర్పు తీరం మనకంటే తొమ్మిదిన్నర గంటలు, ఆ తర్వాత పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మొదటి లెక్క ప్రకారం, ఆదివారం అక్కడ మధ్యాహ్నం 1 గంటకు మొదలయ్యే మ్యాచ్‌లు విశాఖలో రాత్రి 10:30కి, సాయంత్రం 4:25వి అర్ధరాత్రి దాటాక 1:55కి, రాత్రి 8:20ది సోమవారం తెల్లవారి 5:50కి వస్తాయి. గురువారం రాత్రి మ్యాచ్ మనకు శుక్రవారం ఉదయం 5:45. నవంబరులో అన్నీ ఒక గంట ఆలస్యమవుతాయి.

మ్యాచ్‌లో దిగనివారి జాబితా ఆరంభానికి 90 నిమిషాల ముందు వస్తుంది. రాత్రి 10:30 మ్యాచ్‌లకు అది 9 గంటలకే తెలుస్తుంది కనుక ఇబ్బంది లేదు. ఆదివారం రాత్రి మ్యాచ్ జాబితా మాత్రం విశాఖలో తెల్లవారి 4:20కి వస్తుంది. అందుకే ఆటగాళ్ల స్థానాలు వారి వారి మ్యాచ్ మొదలైనప్పుడే బిగుసుకునే నియమం ఉన్నా, దాని పూర్తి ప్రయోజనం అమెరికాలో ఉన్నవారికే అందుతుంది. వారంలో ముందుగా జరిగే మ్యాచ్‌లో ఆడేవారిని ఫ్లెక్స్‌లో పెట్టకపోవడం విశాఖ మేనేజర్లకు ఉన్న ఒక రక్షణ: శుక్రవారం ఉదయం ఆడే రిసీవర్‌ను రిసీవర్ స్థానంలోనే పెడితే ఫ్లెక్స్ ఆదివారం దాకా తెరిచి ఉంటుంది, చివరి నిమిషపు మార్పుకు ఎక్కువమంది పనికొస్తారు.

వేవర్ విషయంలో గడియారం రెండువైపులా కోస్తుంది, ఈ సంగతి చర్చల్లో తరచూ మరుగున పడుతుంది. అభ్యర్థనల పరిశీలన సాధారణంగా బుధవారం అక్కడి తెల్లవారుజామున జరుగుతుంది. అక్కడ 3 గంటలంటే విశాఖలో మధ్యాహ్నం 12:30. ఆ క్షణం నుంచి మిగిలినవారంతా ముందు వచ్చినవారికి దొరికే ఫ్రీ ఏజెంట్లు. రుషికొండ ఆఫీసులో భోజనానికి లేచిన మేనేజర్ మంచివారిని ఏరుకునే సమయానికి డాలస్, న్యూజెర్సీ నిద్రలో ఉంటాయి. శుక్రవారం నాటికి పరిస్థితి తిరగబడుతుంది. ఆదివారం మ్యాచ్‌లకు ఎవరు ఆడరో చెప్పే చివరి గాయాల నివేదికలు అక్కడ శుక్రవారం మధ్యాహ్నం వస్తాయి. అక్కడ 4 గంటలంటే మనకు శనివారం తెల్లవారుజామున 1:30. ప్రధాన ఆటగాడు ఆడటం లేదని తెలిసిన నిమిషంలో అతని ప్రత్యామ్నాయాన్ని అమెరికా మేనేజర్ తీసేసుకుంటాడు, విశాఖ సభ్యుడు పొద్దున లేచి చూసేసరికి అతను ఉండడు.

దీనికి కొందరు చెప్పే పరిష్కారం బెంచీని పెంచడం. ప్రత్యామ్నాయ ఆటగాళ్లంతా ముందే ఎవరో ఒకరి బెంచీలో ఉంటే మేలుకొని ఉండటానికి విలువ తగ్గుతుందన్నది వారి తర్కం, అది సరైన తర్కమే. కాకపోతే దానికి చెల్లించే మూల్యం పైన చూశాం: గాయాల పాలైన జట్టుకు కోలుకునే దారి మూసుకుపోతుంది. నిద్ర సమస్యను రోస్టర్‌తో కాకుండా వేవర్‌తోనే తీర్చడం నాకు మెరుగనిపిస్తుంది. బెంచీని 6 దగ్గరే ఉంచి, వారంలో ఒక్కసారి కాకుండా రెండుసార్లు రహస్య బిడ్లు విప్పేలా అమర్చుకోవచ్చు: బుధవారం ఒకసారి, ఆదివారం అక్కడి ఉదయం 10 గంటలకు, అంటే విశాఖలో రాత్రి 7:30కి మరోసారి. ఈ మధ్యలో మీట నొక్కి తీసుకునే ఫ్రీ ఏజెంట్లు ఉండరు. శుక్రవారం నివేదిక చదవడానికి అందరికీ ఒక పూర్తి రోజు దొరుకుతుంది. రెండో పరిశీలన తర్వాత మ్యాచ్ మొదలయ్యేదాకా ఉన్న కొద్ది గంటలు రెండు దేశాల్లోనూ అందరూ మేలుకొని ఉండేవే కనుక అప్పుడు స్వేచ్ఛగా తీసుకోనివ్వవచ్చు. గురువారం మ్యాచ్‌కు ఆఖరి నిమిషంలో ఎవరైనా తప్పుకుంటే మాత్రం ఈ పద్ధతిలో బయటినుంచి ఎవరినీ తెచ్చుకోలేరు. ఆ నష్టం ఉంది, అది అందరికీ సమానంగా ఉంది.

ముందుగా రాసుకోకపోతే తేలనివి

పోటీ నుంచి తప్పుకున్న జట్టు తన మంచి ఆటగాళ్లను వదిలేస్తే వారు వేవర్ ద్వారా ఎవరో ఒకరికి దక్కి ఫైనల్‌ను మార్చేస్తారు. కొన్ని యాప్‌లలో వదలడానికి వీల్లేని ఆటగాళ్ల జాబితా ఉంటుంది. అది లేనిచోట, ప్లేఆఫ్‌కు చేరని జట్ల రోస్టర్లు 15వ వారం నుంచి స్తంభించిపోతాయని ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

మ్యాచ్‌లే వాయిదా పడినప్పుడు సమస్య పెద్దది. 2020లో కోవిడ్ కారణంగా టెన్నెసీ, బఫలో జట్ల మ్యాచ్ అక్టోబరు 13న మంగళవారం జరిగింది. బాల్టిమోర్, పిట్స్‌బర్గ్ మ్యాచ్ ఏకంగా డిసెంబరు 2న బుధవారం జరిగింది. బుధవారం ఉదయమే వేవర్ పరిశీలించే లీగుల్లో ఆ వారం ఆట ముగియకముందే తర్వాతి వారపు ఆటగాళ్ల పంపకం వచ్చిపడుతుంది. వారంలోని చివరి మ్యాచ్ ముగిసిన 24 గంటల తర్వాతే పరిశీలన అని రాసుకున్న లీగ్‌కు ఈ ఇబ్బంది ఉండదు.

అంతకంటే కఠినమైన సందర్భం 2023 జనవరి 2న వచ్చింది. సిన్సినాటిలో జరుగుతున్న మ్యాచ్‌లో బఫలో ఆటగాడు డమార్ హామ్లిన్ మైదానంలోనే గుండె ఆగి కుప్పకూలాడు. ఆట ఆగిపోయింది, మూడు రోజుల తర్వాత ఆ మ్యాచ్‌ను ఇక కొనసాగించబోమని ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రకటించింది. హామ్లిన్ ప్రాణాలతో బయటపడి మళ్లీ ఆటలోకి రావడం అందరికీ ఊరట. ఆ వారం 17వది, అంటే చాలా ఫాంటసీ లీగులకు ఫైనల్. రెండు జట్లలోనూ పేరున్న ఆటగాళ్లు ఉండటంతో ఎన్నో ఫైనళ్లు సగంలో నిలిచాయి. కొన్ని లీగులు ఉన్న పాయింట్లతోనే విజేతను ప్రకటించాయి, కొన్ని ఇద్దరినీ సమాన విజేతలన్నాయి, కొన్ని 18వ వారం పాయింట్లను కలిపాయి. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు, కానీ ఎవరు గెలుస్తారో కనిపిస్తున్నప్పుడు ఏది ఎంచుకున్నా ఎవరో ఒకరికి పక్షపాతంగానే కనిపిస్తుంది. లీగ్‌ను నిర్వహించే కమిషనర్‌గా ఉన్నవారు ఆగస్టులో, డ్రాఫ్ట్‌కు ముందు, ఎవరి జట్టులో ఎవరున్నారో ఎవరికీ తెలియనప్పుడే రద్దయిన మ్యాచ్‌కు ఏ లెక్క వర్తిస్తుందో రాయించుకొని, దాన్నీ, బెంచీ సంఖ్యనూ, వేవర్ వేళలను విశాఖ సమయంలోనూ తూర్పు తీర సమయంలోనూ ఒకే కాగితం మీద పెట్టి, ఒకే ఓటుతో ఆమోదింపజేసుకోవలసి ఉంటుంది.